బలానికి మాత్రలు: విటమిన్లు, ఖనిజాలు, రోగనిరోధక శక్తి గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

గోదావరి జిల్లాలో ఓ మండల కేంద్రంలో మందుల షాపు మాది. కౌంటర్ వెనక నిలబడి 22 ఏళ్లయింది. షట్టర్ ఎత్తింది మొదలు దించేదాకా రోజుకి పదిసార్లయినా వినపడే మాట ఒకటుంది: "బలానికి ఏవైనా మాత్రలివ్వండి." కరోనా తర్వాత అదే మాట "ఇమ్యూనిటీకి ఏవైనా ఇవ్వండి" అయింది. మాట మారింది గానీ అడిగే ప్రశ్నలు మారలేదు. వెనక నలుగురు చీటీలు పట్టుకుని నిలబడి ఉంటే ఎవరికీ పూర్తిగా చెప్పలేను. అందుకే తీరిగ్గా ఇక్కడ రాస్తున్నాను. నేను ఫార్మసిస్టుని, డాక్టర్ని కాను. మోతాదు మార్చాలన్నా, పరీక్షలు చేయించాలన్నా మీ డాక్టర్ గారినే అడగండి.

విటమిన్ మాత్రలు వేసుకుంటే ఇమ్యూనిటీ పెరుగుతుందా?

ఒంట్లో లోటు ఉంటే, ఆ లోటు తీరినంత మేరకు పెరుగుతుంది. లోటు లేకపోతే పెరగదు. కింద రాసిందంతా ఈ రెండు వాక్యాల చుట్టూనే తిరుగుతుంది.

ఎందుకో చెప్తాను. క్రిములకి మొదట అడ్డం పడేది చర్మం, ముక్కు, గొంతు, ఊపిరితిత్తులు, పేగుల లోపలి తడి పొర. ఆ పొర తడిగా, గట్టిగా ఉండాలంటే విటమిన్ ఎ కావాలి. పొర దాటి లోపలికొచ్చిన క్రిముల్ని మింగేసేవి తెల్ల రక్తకణాలు. అవి విటమిన్ సి ని చుట్టూ ఉన్న రక్తంలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా తమలో దాచుకుంటాయి. రొమ్ము ఎముక వెనక థైమస్ అని ఓ గ్రంథి ఉంటుంది. టి-కణాలనే ఒక రకం తెల్ల రక్తకణాలు తయారయ్యేది అక్కడే. జింక్ చాలకపోతే ఆ గ్రంథి కుంచించుకుపోతుంది. క్రిమి మీద పడగానే కణాలు ఒకటి రెండుగా, రెండు నాలుగుగా పెరగాలి. అందుకు ఐరన్, ఫోలిక్ ఆసిడ్, బి12 కావాలి. ఇంతా చేసి, క్రిముల్ని పట్టుకోవడానికి ఒళ్లు తయారుచేసుకునే యాంటీబాడీ అనేది ప్రొటీనే. పప్పు, గుడ్డు, పాలు లేకుండా వట్టి మాత్రలతో అది తయారుకాదు.

ఇందులో ఏ ఒక్కటి తగ్గినా పని కుంటుపడుతుంది. కానీ అన్నీ సరిపడా ఉన్నప్పుడు ఇంకో డబ్బా మింగితే పని రెట్టింపు కాదు. అయినా రోగనిరోధక వ్యవస్థ అవసరానికి మించి రెచ్చిపోవడం మంచిదనుకుంటున్నారా? ఎలర్జీలూ, కొన్ని రకాల కీళ్లవాతమూ వచ్చేది అందువల్లే.

లోటు వల్ల నిజంగా జబ్బు వస్తుందా? మన వైపు ఎప్పుడైనా వచ్చిందా?

మన వైపే వచ్చింది. అప్పట్లో ఉత్తర సర్కారులు అనేవారే, ఇప్పటి మన కోస్తా, అక్కడ బెరిబెరి బాగా ఉండేది. కాళ్లు తిమ్మిరెక్కి నడవలేకపోయేవారు. ఒళ్లు నీరు పట్టి, గుండె ఆగి చనిపోయేవారు. కారణం మర పట్టించిన తెల్ల పచ్చి బియ్యం. తవుడుతో పాటు విటమిన్ బి1 పోయేది, మిగిలిన కాస్తా కడుగునీళ్లలో, వార్చిన గంజిలో పోయేది. ఉప్పుడు బియ్యం తినే ప్రాంతాల్లో ఈ జబ్బు అంతగా కనపడలేదు. వడ్లు ఉడికించేటప్పుడు తవుడులోని బి1 గింజ లోపలికి దిగుతుంది, మర పట్టినా పూర్తిగా పోదు.

రాబర్ట్ మెకారిసన్ అనే బ్రిటిష్ డాక్టర్ 1918లో నీలగిరి కొండల్లోని కూనూరులో ఒకే గదిలో పరిశోధనశాల తెరిచింది ఈ బెరిబెరి సంగతి తేల్చడానికే. అదే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదు వచ్చింది. 1969 నుంచి దాని పేరు జాతీయ పోషకాహార సంస్థ. తార్నాక వైపు వెళ్లేవాళ్లు దాని గేటు చూసే ఉంటారు.

అక్కడికి వచ్చాక వాళ్లు పట్టుకున్న వాటిలో ఒకటి పెల్లగ్రా. ఏడాది పొడుగునా జొన్న తప్ప వేరేది పెద్దగా దొరకని తెలంగాణ పేదల్లో కనపడింది. ఎండ తగిలే చోటల్లా చర్మం నల్లబడి మొద్దుబారేది. మెడ చుట్టూ అయితే హారం వేసినట్టు మచ్చ పడేది. తర్వాత విరేచనాలు, ఆపైన మతి చెదరడం. అసలు లోటు నియాసిన్ అనే బి విటమిన్. జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ ఉండటం దీనికి ఒక కారణమని అక్కడి శాస్త్రవేత్తలు గోపాలన్, శ్రీకంఠయ్య 1960లో రాశారు. ఇది చదివి జొన్నరొట్టె మానేయకండి. పప్పు, కూర, పెరుగుతో తింటే జొన్నకి వంక పెట్టక్కర్లేదు. అప్పటి బాధ జొన్న తినడం కాదు, జొన్న తప్ప ఇంకేమీ లేకపోవడం.

పిల్లలకి ఆరు నెలలకోసారి పోసే ఆ పసుపు మందు దేనికి?

అది విటమిన్ ఎ ద్రవం. తొమ్మిదో నెలలో తట్టు టీకాతో పాటు లక్ష యూనిట్లు, ఏడాదిన్నర వయసు నుంచి ఐదేళ్లు నిండేదాకా ఆరు నెలలకోసారి రెండు లక్షలు, మొత్తం తొమ్మిది మోతాదులు. మన దేశంలో ఈ కార్యక్రమం 1970లో మొదలైంది. విటమిన్ ఎ కాలేయంలో నిల్వ ఉంటుంది కాబట్టి ఆరు నెలలకోసారి ఇస్తే సరిపోతుంది.

మొదట ఉద్దేశం రేచీకటి ఆపడమే. దీపాలు పెట్టే వేళకి పిల్లాడు గడప తట్టుకుని పడుతున్నాడంటే ఆ రోజుల్లో అమ్మమ్మలకి వెంటనే అర్థమయ్యేది. తర్వాత ఇండోనేషియాలో ఆల్ఫ్రెడ్ సోమర్ అనే కంటి డాక్టర్ ఇంకో సంగతి గమనించాడు. కొద్దిపాటి రేచీకటి ఉన్న పిల్లలు కూడా మిగతావాళ్ల కంటే ఎక్కువగా చనిపోతున్నారు, అదీ కంటి జబ్బుతో కాదు, విరేచనాలతో, ఊపిరితిత్తుల జబ్బుతో. అచే ప్రాంతంలో విటమిన్ ఎ ఇచ్చి చూస్తే మరణాలు మూడో వంతు తగ్గాయని 1986లో ప్రకటించారు. తట్టు సోకిన పిల్లలకి ఇప్పుడు వరసగా రెండు రోజులు విటమిన్ ఎ ఇవ్వమంటారు.

అన్ని చోట్లా అంత లాభం కనపడలేదన్నది కూడా చెప్పాలి. ఉత్తరప్రదేశ్‌లో పది లక్షల మంది పిల్లలతో చేసిన ట్రయల్ ఫలితం 2013లో వస్తే, తేడా నామమాత్రంగా ఉంది. ఎందుకు అన్నదాని మీద నిపుణుల వాదన తెగలేదు. నా మటుకు నేను, ఏఎన్ఎం అమ్మాయి ఇంటికొచ్చి పోస్తానంటే వద్దనకండి అనే చెప్తాను. ఇంట్లో మాత్రం మునగాకు, తోటకూర, బొప్పాయి, గుడ్డు మానకండి. ఆకుకూరలో కాస్త నూనె పడాలి, నూనె లేకపోతే అందులోది ఒంటికి పట్టదు.

విరేచనాలకి తీసుకెళ్తే జింక్ మాత్రలు రాశారు. ఆగిపోయాక కూడా వేయాలా?

వెయ్యాలి. పోయిన ఎండాకాలం ఒకావిడ సగం వాడిన షీటు తెచ్చి, "బాబూ, పిల్లాడికి తగ్గిపోయిందండీ, ఇవి వెనక్కి తీసుకుంటారా?" అంది. 14 మాత్రల్లో ఐదే ఖాళీ అయ్యాయి. వెనక్కి తీసుకోలేదు. కూర్చోబెట్టి చెప్పాను.

విరేచనాల్లో జింక్ బయటికి పోతుంది. జింక్ తగ్గిన పేగు త్వరగా మానదు, మళ్లీ విరేచనాలు పట్టుకోవడానికి అదే కారణమవుతుంది. ఓఆర్ఎస్ ప్రాణం నిలబెడుతుంది, జింక్ పేగుని బాగుచేస్తుంది. మొత్తం కోర్సు వాడితే తర్వాతి రెండు మూడు నెలల్లో మళ్లీ వచ్చే అవకాశమూ తగ్గుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 2004 నుంచి 10 నుంచి 14 రోజులు వాడమంటున్నాయి. మన దగ్గర 14 రోజులు ఇస్తారు. ఆరు నెలలు దాటిన పిల్లలకి రోజుకి 20 మిల్లీగ్రాములు, అంతకంటే చిన్నవాళ్లకి 10. మాత్రని చెంచాడు నీళ్లలో గానీ తల్లిపాలలో గానీ కరిగించి పట్టండి. లోహం రుచికి మొదటిసారి కక్కితే కంగారు పడకండి.

జింక్ మనుషులకి ఇంత అవసరమని తెలిసి ఎంతో కాలం కాలేదు. బీహార్‌లో పుట్టిన ఆనంద ప్రసాద్ అనే డాక్టర్ 1958లో ఇరాన్‌లోని షిరాజ్‌లో ఓ రోగిని చూశాడు. వయసు 21, చూడటానికి పదేళ్ల పిల్లాడు. రొట్టె తప్ప పెద్దగా ఏమీ తినేవాడు కాదు, పైగా మట్టి తినే అలవాటు. ఎదుగుదల ఆగడానికి కారణం జింక్ లోటేనని తర్వాత తేలింది.

జలుబు చేస్తే చప్పరించే విటమిన్ సి మాత్రలు పనిచేస్తాయా?

కొంచెం. రోజూ వేసుకునేవాళ్లకి జలుబు రావడమేమీ తగ్గదు, వచ్చిన జలుబు పెద్దవాళ్లలో సుమారు 8 శాతం, పిల్లల్లో 14 శాతం తొందరగా తగ్గుతుంది. అంటే ఏడు రోజుల జలుబు ఆరున్నర రోజులకి తగ్గుతుంది. జలుబు మొదలయ్యాక వేసుకుంటే ఆ పాటి లాభమైనా కచ్చితంగా ఉంటుందని చెప్పలేం. మారథాన్ పరుగు తీసేవాళ్లు, గడ్డకట్టే చలిలో కసరత్తు చేసే సైనికులు, వీళ్లలో మాత్రం జలుబులు సగానికి తగ్గాయి. మన ఊళ్లో అలాంటివాళ్లు ఎంతమంది?

పెద్దవాళ్లకి రోజుకి కావలసింది 65 నుంచి 80 మిల్లీగ్రాములు. వంద గ్రాముల జామకాయలో 200 దాటి ఉంటుంది, నారింజకి సుమారు నాలుగు రెట్లు. ఆ మాత్రల షీటు డబ్బులతో బండి మీద అరకేజీ జామకాయలు వస్తాయి. ఇలా చెప్తే నా వ్యాపారం ఏం కానని మా ఆవిడ బాధ.

కరోనా టైంలో అందరూ జింక్, సి, డి వేసుకున్నారుగా? డాక్టర్లే రాశారు.

రాశారు, మేమూ అమ్మాం. ఒక వారమైతే హోల్‌సేల్‌లో జింక్ స్టాకే లేదు. తెలియని జబ్బు, చేతిలో ఇంకేమీ లేని రోజులు. తప్పుపట్టను. కానీ 2021లో అమెరికాలో 214 మంది కోవిడ్ రోగులకి జింక్, విటమిన్ సి పెద్ద మోతాదుల్లో ఇచ్చి చూస్తే, ఇవ్వనివాళ్ల కంటే తొందరగా ఏమీ తగ్గలేదు. ఇక లాభం లేదని ఆ పరిశీలన మధ్యలోనే ఆపేశారు.

ఐరన్ మాత్రలు పడట్లేదు. కడుపులో తిప్పుతోంది, విరేచనం నల్లగా అవుతోంది. మానేయనా?

మా కౌంటర్ దగ్గర అన్నిటికంటే ఎక్కువగా వినపడే ప్రశ్న ఇదే. అడిగేది దాదాపు ఎప్పుడూ ఆడవాళ్లే, అదీ గొంతు తగ్గించి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. మన ఇళ్లల్లో ప్రతి పదిమందిలో ఆరుగురన్నమాట. రక్తం తక్కువైతే ఆయాసం, నీరసమే కాదు, తెల్ల రక్తకణాలు కూడా సరిగ్గా పనిచేయవు.

నల్లగా కావడం మామూలే, మాత్రలో ఒంటికి పట్టని ఐరన్ అలా బయటికి పోతుంది. తిప్పుతుంటే రాత్రి అన్నం తిన్న తర్వాత వేసుకుని పడుకోండి. మలబద్ధకం ఉంటే నీళ్లు పెంచండి. అప్పటికీ పడకపోతే డాక్టర్ గారికి చెప్తే వేరే రకం రాస్తారు. ఆయన్ని అడగకుండా మానేయడమే పెద్ద పొరపాటు.

టీ సంగతి. "నాకు మాత్రలు పని చేయట్లేదండీ" అన్న ఒకావిడని ఎలా వేసుకుంటున్నారమ్మా అని అడిగితే, టీతో అంది. ఆర్నెల్లుగా! టీ, కాఫీల్లోని టానిన్లు ఐరన్‌ని పట్టేసుకుని ఒంటికి అందనివ్వవు. మాత్రకి గంట ముందు, గంట తర్వాత టీ వద్దు. కాల్షియం మాత్ర కూడా అదే పూట వద్దు. నిమ్మరసం పిండిన నీళ్లతో వేసుకుంటే ఇంకా బాగా పడుతుంది. ఆకుకూర పప్పులో నిమ్మకాయ పిండడం, భోజనం తర్వాత ఓ జామకాయ తినడం, ఇవీ అలాంటివే.

బీట్‌రూట్ ఎర్రగా ఉంది కాబట్టి రక్తం పడుతుందన్నది ఉత్త భ్రమ. వంద గ్రాముల్లో ఒక మిల్లీగ్రాము ఐరన్ కూడా ఉండదు. చిన్న చేపలు, కాలేయం, మాంసంలో ఉన్న ఐరన్ ఒంటికి తేలిగ్గా పడుతుంది. తినేవాళ్లకి అదే దగ్గర దారి. నులిపురుగులు ఉంటే ఎంత పెట్టినా నిలవదు, ఆల్బెండజోల్ అందుకే ఇస్తారు.

ఒక జాగ్రత్త: క్రిములకీ ఐరన్ కావాలి. జ్వరం తీవ్రంగా ఉన్నప్పుడు శరీరం కావాలనే ఐరన్‌ని రక్తంలోంచి తీసి దాచేస్తుంది. అలాంటప్పుడు ఐరన్ కొనసాగించాలా ఆపాలా అన్నది డాక్టర్ గారు చెప్పాలి. తలసీమియా అనే పుట్టుకతో వచ్చే రక్తపు జబ్బు ఉన్నవాళ్లు అడగకుండా అసలు వేసుకోకూడదు.

గర్భిణికి ఇచ్చే మాత్రలో ఫోలిక్ ఆసిడ్ ఎందుకు?

బిడ్డ మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం గర్భం వచ్చిన మొదటి నాలుగు వారాల్లోనే మూసుకుపోవాలి. అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతే తెలియదు. అందుకే పిల్లలు కావాలనుకున్న రోజు నుంచే వేసుకోమంటారు. కొత్త కణం పుట్టాలంటే, రక్తకణమైనా రక్షణ కణమైనా, ఫోలిక్ ఆసిడ్ ఉండాలి.

దీన్ని 1945లో అమెరికాలోని లెడర్లీ ల్యాబొరేటరీస్‌లో తయారుచేయించింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగు జబ్బుతో పోయారు. ఆ జబ్బుకి ఫోలిక్ ఆసిడ్ మందుగా పనికొచ్చింది. ఐదు మిల్లీగ్రాముల ఆ చిన్న పసుపు మాత్ర ఇచ్చేటప్పుడు ఈ కథ చెప్పాలనిపిస్తుంది, వినే ఓపిక ఎవరికుందండీ.

రేషన్ బియ్యంలో ప్లాస్టిక్ గింజలు వస్తున్నాయి. తినొచ్చా?

అవి ప్లాస్టిక్ కాదు. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ ఆసిడ్, బి12 కలిపి మళ్లీ గింజల్లా ఒత్తుతారు. వంద కేజీల బియ్యానికి ఒక కేజీ కలుపుతారు. రంగు కాస్త తేడాగా ఉంటుంది, కడిగేటప్పుడు కొన్ని తేలతాయి. అందుకే ఏరిపారేస్తున్నారు, ఉన్న మందంతా పెరట్లో కోళ్లకి పోతోంది. వండి తినండి. తలసీమియా ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడగాలి.

ఇంత ఎండ ఉన్న ఊళ్లో విటమిన్ డి తక్కువ ఎలా వస్తుంది?

ఎండ ఉంది, మనం ఎండలో లేం. పొద్దున్నే వచ్చే లేత ఎండలో విటమిన్ డి తయారుచేసే కిరణాలు దాదాపు ఉండవు. నీడ మీకంటే పొట్టిగా ఉండే వేళ కావాలి. అప్పుడేమో అందరం ఫ్యాన్ కింద ఉంటాం. కిటికీ అద్దంలోంచి పడే ఎండ లెక్కలోకి రాదు. ముదురు రంగు చర్మానికి ఎక్కువ సేపు కావాలి.

డి ఎముకలకి చాలా ముఖ్యం. కానీ అది వేసుకుంటే అంటువ్యాధులు దూరమవుతాయన్న ఆశ అంతగా ఫలించలేదు. మంగోలియాలో 8,851 మంది బడి పిల్లలకి, దాదాపు అందరికీ డి లోటే, మూడేళ్లు ఇచ్చినా టీబీ సోకడం తగ్గలేదు.

60,000 యూనిట్ల మాత్ర వారానికి ఒకటి. మళ్లీ చెప్తున్నాను, వారానికి. మా దగ్గరే ఒకాయన రోజుకొకటి చొప్పున రెండు షీట్లు అయ్యాక మూడోది కొనడానికి వచ్చాడు. వాంతులు, దాహం, మలబద్ధకం. రక్తంలో కాల్షియం పెరిగిపోయింది. పెద్దాసుపత్రికి పంపాల్సి వచ్చింది. ఆ రోజు నుంచి ప్రతి షీటు మీదా "ఆదివారం" అని పెన్నుతో రాసిస్తున్నాను.

మేం శాకాహారులం. బి12 ఎలా?

పాలు, పెరుగు, అవి కూడా సరిపడా ఉండాలి. ఆకుకూరల్లో ఉండదు. ఇడ్లీపిండి పులిస్తే వస్తుందన్న మాట నమ్ముకోకండి. అరికాళ్లు తిమ్మిరెక్కడం, నాలుక నున్నగా మారి మండటం, మతిమరుపు, ఇవి కనపడితే పరీక్ష చేయించండి. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లకీ, గ్యాస్ మాత్రలు రోజూ మింగేవాళ్లకీ మాంసం తిన్నా బి12 తగ్గొచ్చు.

అయోడిన్ ఉప్పు ఇమ్యూనిటీకా?

కాదు, థైరాయిడ్‌కి. కానీ మానకండి. పింక్ సాల్ట్‌లో సాధారణంగా అయోడిన్ కలపరు.

టీబీ ఉన్నవాళ్లింట్లో మిగతావాళ్లు విటమిన్లు వేసుకుంటే సోకకుండా ఉంటుందా?

వట్టి విటమిన్లతో కాదు, తిండితో. 2023లో వచ్చిన జార్ఖండ్ అధ్యయనం చూడండి. టీబీ రోగుల ఇళ్లల్లో ఉండే పదివేలమందికి పైగా బంధువుల్ని తీసుకున్నారు. సగం ఇళ్లకి మనిషికి నెలకి ఐదు కేజీల బియ్యం, కేజీన్నర పప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. ఆ ఇళ్లల్లో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. నాకు తెలిసినంతలో ఇంత బలమైన "బలం మందు" ఇంకోటి లేదు, అది దొరికేది నా షాపులో కాదు, కిరాణా కొట్లో. డాక్టర్ ఇచ్చే టీబీ నివారణ మందులు మాత్రం దీని బదులు మానకూడదు.

ఎక్కువ వేసుకుంటే నష్టమేముంది, మూత్రంలో పోతుందిగా?

బి, సి చాలావరకు పోతాయి. ఎ, డి పోవు, పేరుకుంటాయి. ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్లతో చేసిన పరిశీలనలో, కేన్సర్ రాకుండా కాపాడుతుందనుకుని ఇచ్చిన బీటా కెరోటిన్ (ఒంట్లో విటమిన్ ఎ గా మారే పదార్థం) వల్ల ఊపిరితిత్తుల కేన్సర్ 18 శాతం పెరిగింది. 1994లో ఆ ఫలితం వచ్చేదాకా అది ఎవరూ ఊహించలేదు. నెలల తరబడి జింక్ ఎక్కువగా వాడితే ఒంట్లో రాగి తగ్గి మళ్లీ రక్తహీనతే వస్తుంది. గర్భిణులు విటమిన్ ఎ మాత్రలు సొంతంగా అసలు వేసుకోకూడదు, బిడ్డకి లోపాలు వస్తాయి.

విటమిన్లు బాగా తీసుకుంటే టీకాలు అక్కర్లేదా?

అక్కర్లేదని ఎవరన్నా చెప్తే వాళ్ల దగ్గర ఇంకేమీ కొనకండి.

ఖరీదు ఎక్కువ ఉన్న మల్టీవిటమిన్ మంచిదా?

జనరిక్‌లో అదే మందు, అదే మోతాదు. డబ్బా వెనక మిల్లీగ్రాములు చదవండి, ముందున్న గుర్రం బొమ్మ కాదు.

ఇంతకీ మీరేం వేసుకుంటారు?

ఎనిమిదేళ్లుగా మెట్‌ఫార్మిన్ మీద ఉన్నాను. రెండేళ్ల కిందట కాళ్లు తిమ్మిర్లెక్కితే పరీక్షలో బి12 బాగా తక్కువ తేలింది. అప్పటినుంచి డాక్టర్ గారు రాసిన బి12 ఒక్కటే. షాపు వెనక ఓ జామచెట్టుంది. కాపు ఉన్నన్నాళ్లూ సాయంత్రం ఒకటి కోసుకుని కౌంటర్ మీదే ముక్కలు చేసి ఉప్పుకారం అద్దుకుని తింటాను. బలానికి మాత్రలడిగేవాళ్లు ఆ టైంలో వస్తే వాళ్లకీ ఒక ముక్క.